కొండ పువ్వుకి పేరు రాయండి



ఈ నెల నేను కథ రాయలేదు, పొడుపుకథలు కూడా రాయలేదు. పూల ఫోటోల గురించి నా అభిప్రాయం రాస్తున్నాను. కొంచెం పొడుగ్గా ఉంటుంది. భోజనం గంట కొట్టేలోపు సగం చదివి, మిగతా సగం సాయంత్రం చదవండి.

వార్షికోత్సవం నాడు వరండాలో పూల ఫోటోలు పెట్టారు కదా, అందరూ చూశారు. మొత్తం పదిహేను. పద్నాలుగు మన ముందు తోటవి. గులాబీ, డాలియా, బంతి, చామంతి, మందారం, కాగితం పూలు. ఒక్కటి మాత్రం బడి వెనకాల బండరాళ్ళ మీద పూసే కొండగోగు. ప్రతి ఫోటో కింద ఒక చీటీ అంటించారు. 'ఎర్ర గులాబీ', 'పసుపు చామంతి', 'డాలియా' అని రాశారు. కొండగోగు కింద 'అడవి పువ్వు' అని రాశారు.

ఫోటో బాగుంది. నేను బాగోలేదని అనడం లేదు. ఆకు ఒక్కటి లేని కొమ్మ చివర పసుపు పువ్వు, వెనకాల నీలం ఆకాశం. పదిహేనింటిలో నాకు అదే ఎక్కువ నచ్చింది. కానీ 'అడవి పువ్వు' అంటే ఏ పువ్వు? అడవిలో ఒకటే పువ్వు పూస్తుందా? గులాబీ కింద 'తోట పువ్వు' అని రాస్తే ఎవరైనా ఊరుకుంటారా? ఆ పేరు మన బడిలో కనీసం యాభై మంది పిల్లలకి తెలుసు. అడిగితే చెప్పేవాళ్ళం. ఎవరూ అడగలేదు.

చిన్న విషయానికి ఇంత రాస్తావేంటి అని నా పక్క మంచం అక్క అంది. నాకు చిన్న విషయంలా కనిపించలేదు, ఎందుకో చెప్తాను. మా ఊళ్ళో ఒక పెద్దమ్మ ఉంది. ధింసా బాగా ఆడుతుంది. ఒకసారి చూడ్డానికి వచ్చినవాళ్ళెవరో ఆమెకి ఫోటో తీశారు. తర్వాత ఆ ఫోటో ఒక కేలండరులో వచ్చింది. ముక్కుకి మూడు నత్తులు, కొప్పులో పువ్వు, ఎంత అందంగా ఉందో. కింద 'గిరిజన మహిళ' అని ఉంది. నేనే చదివి వినిపించాను, ఎందుకంటే మా వీధిలో చదవడం వచ్చినది నాకే. పెద్దమ్మ, "నా పేరేది?" అని అడిగింది. నేను వెనక పేజీ కూడా తిప్పి చూశాను. లేదు. ఆ కేలండరు ఇప్పటికీ వాళ్ళింట్లో మేకుకి వేలాడుతోంది, సంవత్సరం అయిపోయినా తియ్యలేదు. ఫోటో మీద ఆమెకి కోపం లేదు. పేరు లేదని మాత్రం ఇంటికి వచ్చిన ప్రతి మనిషికీ చెప్తుంది.

ఇది ఈ రోజు మొదలైన సంగతి కాదు. సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు డాక్టరు ఉండేవారు. ఆయన మొక్కల శాస్త్రవేత్త. 1793లో కలకత్తా తోటకి వెళ్ళిపోయే దాకా మన వైపు మొక్కలన్నీ సేకరించి, ఇక్కడి చిత్రకారుల చేత బొమ్మలు గీయించారు. ఆ బొమ్మలతో కోరమాండల్ తీరం మొక్కలు అని లండనులో 1795 నుంచి మూడు పెద్ద సంపుటాలు వేశారు. మొత్తం 300 బొమ్మలు. అందులో మన మోదుగ ఉంది. అప్పటికి ఫోటోలు లేవు కాబట్టి ఆ బొమ్మలే ఫోటోలు అనుకోవచ్చు. ప్రతి గింజ, ప్రతి కేసరం వేరువేరుగా కనిపిస్తుంది. పుస్తకం అట్ట మీద రాక్స్‌బర్గ్ పేరు ఉంది. గీసిన మనవాళ్ళ పేర్లు లేవు. మోదుగకి శాస్త్రంలో బ్యూటియా అనే పేరు పెట్టారు, అది బ్యూట్ ప్రభువైన ఒక సీమ దొర పేరు మీద పెట్టినది. ఆ దొర మన అడవిలో మోదుగ పూయగా ఎప్పుడూ చూడలేదు. అయితే ఒక మంచి మాట కూడా చెప్పాలి. సోమిద చెట్టుకి శాస్త్రంలో కూడా సొయిమిడా అనే పేరు ఉంది, అది తెలుగు పేరే. రాక్స్‌బర్గ్ మనవాళ్ళని అడిగి రాసుకున్నారు కాబట్టే అది నిలిచింది. అంటే అడిగితే పేరు నిలుస్తుంది.

ఇక ఫోటో కళ అవుతుందా కాదా అనే సంగతి. మన డ్రాయింగు బాగా వేసే అక్కలు, "బొమ్మ గీస్తే కళ, బటన్ నొక్కితే ఏం కళ, కోతి కూడా నొక్కుతుంది" అంటారు. నేను ఒప్పుకోను. కోతి ఎప్పుడు నొక్కాలో ఆగి చూడదు.

మీరు తుమ్మి పువ్వుని దగ్గరగా చూశారా? బావి దగ్గర, పొయ్యి వెనకాల, ఎక్కడ పడితే అక్కడ ఉంటుంది. నిలబడి చూస్తే తెల్ల చుక్క. మోకాళ్ళ మీద కూర్చుని చూస్తే పైన నూగు ఉన్న చిన్న టోపీ, కింద నాలుక చాపినట్టు పెద్ద రేకు. సైన్సు టీచరు తన ఫోన్లో నా చేత తీయించారు. ముందు మధ్యాహ్నం తీశాను, ఎండకి తెలుపంతా కలిసిపోయి సున్నం ముద్దలా వచ్చింది. మర్నాడు పొద్దున్న ఏడింటికి తీశాను. ఎండ పక్క నుంచి వస్తోంది. వెనకాల నా నల్ల దుప్పటి పట్టుకోమని ఒక చెల్లికి ఇచ్చాను. ఫోన్ మరీ దగ్గరకి పెడితే మసకగా వస్తుంది కాబట్టి జానెడు వెనక్కి జరిగాను. గాలి ఆగేదాకా ఊపిరి బిగబట్టాను. ఆ టోపీ మీది నూగు ఒక్కొక్క పోగూ వచ్చింది. టీచరు దాన్ని ఆరుగురికి చూపించి ఇదేంటో చెప్పమన్నారు. ఎవరూ చెప్పలేకపోయారు. రోజూ దాని పక్కనే పళ్ళు తోముకునేవాళ్ళు వాళ్ళు! తెలిసినదాన్నే మొదటిసారి చూసినట్టు చూపిస్తే అది కళ కాదా? నా ఉద్దేశంలో అదే కళ.

దీనికి పెద్దవాళ్ళ సాక్ష్యం కూడా ఉంది. జర్మనీలో కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ అని ఒక మాస్టారు ఉండేవారు (1865లో పుట్టారు, 1932లో చనిపోయారు). బెర్లినులో చేతిపనులు, అలంకారాలు నేర్పే కళాశాలలో ముప్పై ఏళ్ళకి పైగా పాఠం చెప్పారు. ఇనప కమ్మీలు వంచేవాళ్ళకీ, నగిషీలు చెక్కేవాళ్ళకీ ఆకారాలు చూపించాలి కదా, అందుకని మొక్కలకి ఫోటోలు తీసేవారు. కెమెరా ఆయనే తయారు చేసుకున్నారు. తోటల్లో గులాబీల కోసం తిరగలేదు. రోడ్డు పక్క, రైలు కట్టల మీద పెరిగే పిచ్చి మొక్కలే ఏరుకొచ్చేవారు. చుట్టచుట్టుకున్న ఫెర్ను చిగురు, గుమ్మడి నులితీగ, ఎండిన కాయ. వాటిని చాలా రెట్లు పెద్దవి చేసి, వెనకాల ఏమీ లేకుండా, నలుపు తెలుపులో చూపించారు. ఫెర్ను చిగురు చూస్తే ఏదో రాజుగారి దండం అనుకుంటాం. 1928లో ఆ ఫోటోలతో పుస్తకం వచ్చింది. అప్పటికి ఆయనకి అరవై దాటాయి. అంతవరకు పాఠం కోసం తీసినవి ఒక్కసారిగా గొప్ప కళ అని లోకం అంది.

ఒకటి మాత్రం నాకు నచ్చలేదు. ఆయన కోసుకొచ్చి తీసేవారు. మనం అలా చెయ్యక్కర్లేదు, మొక్క దగ్గరికి మనమే వెళ్ళొచ్చు. మనకి అడవి ఇంటి పక్కనే ఉంది, బెర్లినులో ఆయనకి లేదు.

ఆయన కంటే ముందు అన్నా ఆట్కిన్స్ అనే ఇంగ్లండు ఆవిడ అసలు కెమెరాయే లేకుండా పని జరిపించారు. ఇనప లవణాల మందు పూసిన కాగితం మీద సముద్రపు నాచు పరిచి ఎండలో పెట్టి, తర్వాత నీళ్ళలో కడిగేవారు. ఎండ తగిలిన చోటు నీలం, నాచు ఉన్న చోటు తెలుపు. 1843లో మొదలుపెట్టి పదేళ్ళు ఆ పుస్తకాన్ని భాగాలు భాగాలుగా తయారు చేశారు. పుస్తకంలో అక్షరాలు కూడా ఆ పద్ధతిలోనే అచ్చు వేశారు. ఇది ఎందుకు రాస్తున్నానంటే, మనకి హాస్టల్లో ఫోన్లు ఉండవు కదా, ఇక ఫోటోలు మన పని కాదు అనుకునేవాళ్ళు ఉన్నారు. కెమెరా లేని ఆవిడ ఆ పని చేసింది. మనకి టీచరు ఫోన్ ఒకటైనా ఉంది.

ఇప్పుడు తోట పూల గురించి. నాకు వాటి మీద పగ లేదు. డాలియాకి నేను కూడా నీళ్ళు పోస్తాను. కాగితం పువ్వుని చూడండి, రంగు రంగులుగా కనిపించేవి రేకులు కావు, అవి ఒక రకం ఆకులు. అసలు పువ్వు మధ్యలో తెల్లగా చిన్నగా ఉంటుంది. వరండాలో పెట్టిన ఫోటోలో ఆ అసలు పువ్వే మసక. అంటే తోట పువ్వుని కూడా సరిగ్గా చూసి తియ్యలేదు, రంగు చూసి తీశారు. నా ఫిర్యాదు తోట మీద కాదు, చూపు మీద.

"మన మొక్కలు, పరాయి మొక్కలు" అని గీత గీయడం కూడా నేను అనుకున్నంత తేలిక కాదని తెలిసింది. దెబ్బ తగిలితే మనం ఆకు నలిపి పెట్టుకునే గడ్డిచామంతి మధ్య అమెరికా నుంచి వచ్చిందట. అత్తిపత్తి దక్షిణ అమెరికాది. మన కొండల్లో తాతల నాటి నుంచి వేస్తున్న వలిసెలు ఇథియోపియావి. వలిసె మనది కాదు అంటే మా అవ్వ కర్ర తీసుకుని వస్తుంది. మరోపక్క లాంటానా ఉంది. రెండు వందల ఏళ్ళ కిందట దాన్ని తోటల్లో అందానికని తెచ్చారు. పసుపు, గులాబీ రంగు పూలు ఒకే గుత్తిలో, ఫోటోకి చాలా బాగుంటుంది. అది తోట దాటి అడవిలో పడి, ఇప్పుడు మేకలు పోయే దారి కూడా మూసేస్తోంది. అందంగా ఉన్నదంతా మంచిది అని ఫోటో మనల్ని నమ్మించగలదు. అందుకే ఫోటో పక్కన నాలుగు మాటలు ఉండాలి, ఇది ఎవరు, ఎక్కడి నుంచి వచ్చింది, ఏం చేస్తుంది అని.

వలిసె చేల సంగతి వేరే చెప్పాలి. అక్టోబరు దాటాక అరకు, పాడేరు వైపు కొండ వాలులన్నీ పసుపు పరిచినట్టు ఉంటాయి. ఎక్కడెక్కడి నుంచో కార్లలో ఫోటోల కోసం వస్తారు. వాళ్ళు ఫోటో తీసేది వలిసె పువ్వుకా, వాళ్ళకా అని నాకు అనుమానం. పువ్వుకి వీపు పెట్టి నిలబడతారు. చేను మధ్యకి దిగుతారు. తొక్కిన మొక్క లేవదు, అది గింజ, ఆ గింజ మా ఇంట్లో నూనె. వలిసె పువ్వు తన పుప్పొడితో తాను కాయ కట్టలేదు, ఇంకో మొక్క పుప్పొడిని తేనెటీగ తెచ్చి ఇవ్వాలి. ఇది వాళ్ళకి ఎవరూ చెప్పరు. మా వైపు కొందరు రైతులు చేలో దిగితే డబ్బులు తీసుకుంటున్నారు. కొందరు అది తప్పు అంటారు, నేను తప్పు అనను. గట్టు మీద నుంచి, వంగి, ఒక్క పువ్వుని, దాని మీద వాలిన ఈగతో సహా తీస్తే ఎవరికీ నష్టం లేదు. ఫోటో కూడా బాగుంటుంది.

ఇంకో సంగతి, కొండ పువ్వు మన కోసం ఆగదు. తోటలో బంతి నెలల తరబడి ఉంటుంది, ఇవాళ కాకపోతే రేపు తీస్తాం. ఇప్ప పువ్వు చీకట్లో విచ్చుకుంటుంది, తెల్లారేసరికి నేల మీద ఉంటుంది. అడ్డ తీగ మనం విస్తళ్ళు కుట్టే ఆకుతోనే అందరికీ తెలుసు. వేసవిలో పూస్తుంది, మొదట తెల్లగా ఉన్న పువ్వు ముదిరేకొద్దీ పసుపు రంగుకి తిరుగుతుంది. ఒకే గుత్తిలో నిన్నటిదీ ఇవాళ్టిదీ తెలిసిపోతాయి. అప్పుడు మనకి సెలవులు, కాబట్టి బడి ఫోటోల్లో అడ్డ పువ్వు ఎప్పటికీ రాదు, ఎవరో ఒకరు ఊళ్ళో తీసి తేవాలి. అడవినాభి వానల్లో వస్తుంది. రేకులు మంట పైకి లేచినట్టు వెనక్కి తిరిగి, ముందు ఆకుపచ్చ పసుపు, తర్వాత ఎరుపు. తమిళనాడు వాళ్ళు దాన్ని రాష్ట్ర పువ్వుగా పెట్టుకున్నారు. దుంప విషం, కాబట్టి ఫోటో తీయండి, తవ్వకండి. ఈ నెలల లెక్క ఫోటో పుస్తకాల్లో ఉండదు. మన అమ్మలకి తెలుసు.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది. మా అమ్మకి చదువు రాదు. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటి మనిషిని నేను. అమ్మ నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు ఈ గోడ దగ్గర నిలబడుతుంది, నా అక్షరాల మీద వేలు పెట్టి రాస్తుంది, ఇది నీదేనా అంటుంది. అంతే, ముందుకి పోలేదు. కిందటిసారి నా తుమ్మి ఫోటో నోటీసు బోర్డు మూల అంటించి ఉంది. ఆరుగురు చెప్పలేనిది అమ్మ దూరం నుంచే చెప్పేసింది. తుమ్మి పేరు చెప్పి, దగ్గుకి ఎలా వాడతారో చెప్పి, కొండగోగు, బూరుగు, అడ్డ ఏ నెలలో ఎక్కడ పూస్తాయో చెప్పింది. నా పక్కన ఉన్న పిల్లలు కాపీలు తీసుకొచ్చి రాసుకున్నారు. మా అమ్మ మాట చూసి రాసుకోవడం నేను మొదటిసారి చూశాను. ఈ గోడ మీద మా అమ్మ చదవగలిగేది ఫోటో ఒక్కటే. అందులో కూడా గులాబీలే ఉంటే ఆమెకి చదవడానికి ఏముంటుంది?

పేరు రాయడంలో ఒక ఇబ్బంది ఉంది. మా కువి మాటలో గొంతు దగ్గర టక్కున ఆగే ఒక శబ్దం ఉంది, తెలుగులో దానికి అక్షరం లేదు. కొన్ని పువ్వుల పేర్లు అందుకే రాయబోతే సగం పోతున్నాయి. అక్కడ ఒక చుక్క పెడదామని నేను అంటున్నాను. కొండదొర పిల్లలు, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలు వాళ్ళ పేర్లు కూడా పక్కన రాయాలి. ఒక పువ్వుకి నాలుగు పేర్లు వస్తే చీటీ పెద్దదవుతుంది, పెద్ద చీటీయే పెడదాం.

మా అవ్వ మాత్రం వీటన్నిటికీ ఎదురు చెప్పింది. కువిలో అంది, నేను తెలుగులో రాస్తున్నాను. "పువ్వుకి ఫోటో ఎందుకే, వచ్చే ఏడు మళ్ళీ పూస్తుంది కదా." ఆలోచించాను. అవ్వ మాట నిజమే, చెట్టు ఉంటే. మా ఊరి మలుపులో రెండు బూరుగు చెట్లు ఉండేవి, రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేశారు. ఎర్రగా పూసి ఉన్నప్పుడు వాటి కింద కూర్చుని అవ్వ చింతపండు గింజలు తీసేది. ఆ చెట్లకి ఎవరి దగ్గరా ఒక్క ఫోటో లేదు. ఇది చెప్తే అవ్వ ఏమీ అనలేదు, పొయ్యిలో కట్టె ముందుకి తోసింది.

ఇప్పుడు బడి వెనక వాలు శుభ్రం చేసి, క్రోటన్లు పెడతారని అంటున్నారు. పాములు వస్తాయని భయం, అది న్యాయమే. లాంటానా కొట్టెయ్యండి, నేను కూడా కత్తి పట్టుకుంటాను. కానీ కొట్టే ముందు ఏది ఏదో తెలిసిన పిల్లలు నలుగురు దగ్గర ఉండాలి. కొండగోగుకి, తుమ్మికి, ఉత్తరేణికి, లాంటానాకి తేడా తెలియని మనిషి కత్తి పట్టుకుంటే అన్నీ 'పిచ్చి మొక్కలే'. కనీసం ఏడాది తిరిగేదాకా ప్రతి మొక్కకీ పూసినప్పుడు ఒక ఫోటో తీసుకున్నాక నిర్ణయించండి అని హెడ్మాస్టరు గారిని కోరుతున్నాను.

టీచరు ఆదివారం పొద్దున్న ఒక గంట ఫోన్ ఇస్తామన్నారు. తరగతికి ఇద్దరు చొప్పున వస్తే అందరికీ వంతు వస్తుంది. ఆ రోజు ఇళ్ళ నుంచి వచ్చే అమ్మల్ని, అవ్వల్ని కూడా వాలు దాకా రమ్మందాం, పేర్లు వాళ్ళు చెప్తారు, ఎనిమిదో తరగతి వాళ్ళు రాస్తారు. నల్ల దుప్పటి నాది ఉంది. దాన్ని కదలకుండా పట్టుకోవడానికి పొడుగు చేతులవాళ్ళు ఇద్దరు కావాలి. నా మాట తప్పు అనుకునేవాళ్ళు వచ్చే నెల పత్రికకి రాసి, ఇరవయ్యో తారీకు లోపల లైబ్రరీ పెట్టెలో వెయ్యండి.

— 9వ తరగతి విద్యార్థిని